బుల్లెమ్మ గారి జత తొట్లు

రేవుపాలెం, మాచర్ల దగ్గర
12 ఏప్రిల్ 1947

అక్కయ్యకు తమ్ముడు యల్లమంద నమస్కారాలు.

ఇక్కడ ఎండ తప్ప అందరం బాగున్నాం. మీ మరదలు సుబ్బరత్నం నిన్ను అడిగినట్టు రాయమంది, రాశాను.

నిన్న దుర్గి వెళ్లి రాతిపని ఏలియాతో మాట్లాడి వచ్చాను. అమ్మ కోరిన రెండు నీళ్ల తొట్లూ ఒకే బండ నుంచి తీస్తానన్నాడు. నువ్వు పడవ దిగి వచ్చేసరికే అమ్మకు మాట పడిపోయింది కాబట్టి, ఆమె నాతో అన్నది అన్నట్టుగా రాస్తున్నాను. లేకపోతే నేను కల్పించానని బావ అంటాడు.

"గట్టు మీద బాటన సంతకి పోయే గొడ్లకి ఏరు కనపడతానే ఉంటది. ఆ బండలు దిగి తాగలేవు. నీళ్లు చూస్తా నోరెండి నడుస్తయ్. మన బావి కాడ ఒక తొట్టి, ఆ ఒడ్డున మా పుట్టింటోళ్ల బావి కాడ ఒక తొట్టి పెట్టించరా. రెండూ ఒక్క తీరుగా ఉండాల. నీకో తీరు, దానికో తీరు అంటే నేనొప్పుకోను."

ఆవిడ సంగతి నీకు తెలుసుగా. నీకు గాజులు కొన్నదని నాకూ కొన్న మనిషి. మగపిల్లవాడికి గాజులేమిటని నాన్న తిట్టినా నా చేతికి తొడిగి ఊరంతా తిప్పింది.

తొట్టి ముందువైపు ఏం చెక్కాలని ఏలియా అడిగాడు. "మొగలాయిలో పుట్టి పల్నాట మెట్టిన బుల్లెమ్మ జ్ఞాపకార్థం" అని అనుకున్నాను. రెండింటి మీదా ఇవే మాటలు. అమ్మ బావకు సొంత మేనత్త కాబట్టి ఆయన చెవిన కూడా ఒక మాట వెయ్యి. కాదనడానికి ఇందులో ఏముంది గనక.

నీ తమ్ముడు
యల్లమంద

*

గుట్టపల్లి
3 మే 1947

ఒరేయ్ యల్లమందా,

ఆయురారోగ్యాలతో పాటు నీకు కాస్త బుద్ధి కూడా కలగాలని దీవించి రాస్తున్నాను.

కాదనడానికి ఏముంది అన్నావు. ఉంది. మీ బావ అన్నం తింటుండగా నీ ఉత్తరం చదివి వినిపించాను. 'మొగలాయి' దగ్గర ఆయన చెయ్యి ఆగిపోయింది. "ఏందీ? మళ్ల చదువు" అన్నారు. మళ్లీ చదివాను, నాదే తప్పు.

"మా మేనత్త మొగలాయిలో పుట్టిందా? అంటే మేమందరం పాదుషా దొడ్లె కట్టేసిన గొడ్లమా? వాళ్లదేమో పల్నాడు, పేరున్న సీమ. మాదేమో మొగలాయా?" అని మజ్జిగ పోసుకోకుండానే లేచిపోయారు.

నైజాం వైపును మీ ఒడ్డున అందరూ అనే మాటే అది. పెళ్లికి ముందు నేనూ అన్నదాన్నే. ఈ ఒడ్డున నిలబడి వింటే ఎలా ఉంటుందో ఇక్కడ కాపురం చేస్తే గాని తెలియలేదు.

ఇంకొక చిక్కుంది. ఆయన ఈ ఊరికి పోలీసు పటేలు. నైజాం సర్కారు పోలీసు అమీను వచ్చినప్పుడల్లా గుర్రం దిగేది ఆ బావి దగ్గరే, ముందు చదివేది ఆ రాయే. అందుకని సర్కారు కాగితాల్లో ఎలా ఉంటే అలాగే చెక్కాలట. "సర్కారే ఆలీలో పుట్టి బ్రిటిషు ఇలాకాలో మెట్టిన" అని. "మీ తమ్మునికి రాజ్యాల సంగతి తెలవదు" అని కూడా అన్నారు. ఇది నీకు రాయొద్దన్నారు.

ఊరగాయకు మన చెట్టు కాయలు పంపుతానన్నావు. తొట్టి గొడవలో పడి మరిచిపోకు.

అక్క
హైమావతి

*

రేవుపాలెం
18 జూన్ 1947

అక్కయ్యకు,

సర్కారే ఆలీ! మన అమ్మ ఏ సర్కారులోనూ పుట్టలేదు, మంత్రసాని చేతుల్లో పుట్టింది.

పైగా మా ఊరు బ్రిటిషు ఇలాకానా? నేను తెల్లవాడి జైల్లో రెండుసార్లు పురుగుల అన్నం తిని వచ్చింది ఆ మాట రాతి మీద చదువుకోవడానికేనా? ఆగస్టులో తెల్లవాడు మూటాముల్లె సర్దుకుని పోతున్నాడని పేపర్లన్నీ రాస్తున్నాయి. వాడు పోతానంటుంటే మా బావ రాయి అడ్డం పెట్టి ఆపుతానంటాడు. నాకు రాజ్యాల సంగతి తెలియదని అనే ఉంటాడు, నువ్వు రాయకపోయినా నాకు తెలుసు.

(రాశావు. ఇప్పుడే మళ్లీ చూసుకున్నాను.)

సరే, కోపం దిగమింగి ఇద్దరికీ మర్యాదగా ఉండే పేరు ఒకటి వెతికాను. అటూ ఇటూ మాట్లాడేది తెలుగే కదా. "ఆంధ్రదేశంలో పుట్టి ఆంధ్రదేశంలో మెట్టిన బుల్లెమ్మ జ్ఞాపకార్థం." ఎక్కువ లేదు, తక్కువ లేదు. దీనికి ఎవరు వంకపెడతారు? మళ్లీ అడగడం, మళ్లీ ఆగడం ఎందుకని ఏలియాకు చెప్పేశాను. రెండు తొట్ల మీదా చెక్కేశాడు. నూరేళ్లయినా చెరగనంత లోతుగా దించాడు.

మన రేవు పడవ నడిపే ఖలందర్ మామ చేత మామిడికాయలు పంపుతున్నాను. కొన్ని పండితే పిల్లలకు పెట్టు.

యల్లమంద

*

గుట్టపల్లి
9 జులై 1947

ఒరేయ్ తమ్ముడూ,

కాయలు అందాయి. నీ ఉత్తరం కూడా అందింది, అదే అందకుండా ఉంటే బాగుండేది.

ఇక్కడ ఆంధ్ర మహాసభ అంటే సంఘం. సంఘం అంటే కమ్యూనిస్టులు. ఈ మాట నీకు తెలియదా? అమీను ఊళ్లోకి రాగానే ఆయన్ని అడిగే మొదటి ప్రశ్న, మీ ఊళ్లో సంఘపోళ్లు ఎవరెవరు అని. అలాంటి మనిషి తన బావి దగ్గర, తన మేనత్త తొట్టి మీద ఆ పేరు ఒకటికి రెండుసార్లు చెక్కించి పెట్టుకుంటాడా? నీకు కమ్యూనిస్టులంటే గిట్టదు. గిట్టని వాళ్ల జెండాను నీ చేతులతో నువ్వే మా వాకిట్లో పాతుతున్నావు.

ఆయన నిన్ను ఇంకోరకంగా అర్థం చేసుకున్నారు. "కావాల్నని చేసిండు. నా పటేలుగిరి ఊడగొట్టాల్నని చూస్తుండు" అంటున్నారు. నువ్వు అలాంటివాడివి కాదని చెప్పాను. "నువ్వు పుట్టింటోళ్ల మీద ఈగ వాలనియ్యవు" అని నన్నే అన్నారు. అక్కడేమో నేను మొగుడి మాట మోసుకొస్తున్నానని నువ్వు అనుకుంటూ ఉంటావు. మీ ఇద్దరి మధ్య పడి నా ప్రాణం విసిగిపోయిందిరా.

ఒక్క మాట చెబుతాను, తిట్టకుండా విను. నాన్న ఎప్పుడో పోయాడు. ఇప్పుడు అమ్మా పోయింది. నాకు పుట్టిల్లంటే ఇక నువ్వే. నువ్వూ ఆయనా మాటలు మానేస్తే నేను ఏ మొహం పెట్టుకుని పడవ ఎక్కి రావాలి? తొట్ల మీద ఏం రాసినా నాకు ఒకటే. ఆ తొట్లు రెండూ పెట్టిన రోజున మీ ఇద్దరూ పక్కపక్కన కూర్చుని భోంచెయ్యాలి. నాకు కావలసింది అది.

అక్షరాలు చెరిపించు.

హైమావతి

*

రేవుపాలెం
20 ఆగస్టు 1947

అక్కయ్యకు,

చెరిపించాను. రెండింటి మీదా. ఏలియా ముఖం మాడ్చుకుని, "అయ్యా, లోతుగా చెక్కమన్నారు, చెక్కా. ఇప్పుడు చెరపమంటున్నారు. అచ్చరం చెరగాలంటే దాని చుట్టూ ఉన్న రాయి కూడా పోవాల. గోడ పలచబడుద్ది" అన్నాడు. కూలి ఇస్తున్నాం కదా, చెప్పింది చెయ్యవయ్యా అన్నాను.

సంఘం సంగతి నిజంగా నాకు తట్టలేదు. కాని కావాలని చేశానని బావ అనుకోవడం మాత్రం నా మనసుకు కష్టంగా ఉంది. ఆయన పటేలుగిరి ఊడితే నాకు వచ్చేదేమిటి? నువ్వు పస్తులుంటే నాకు సంతోషమా?

పదిహేనో తారీఖున ఇక్కడ ఊరు ఊరంతా తిరిగింది. సుబ్బరత్నం కూడా జెండా పట్టుకుంది. ఆ ఊపులో దుర్గి వెళ్లి మా తొట్టి మీద "స్వతంత్ర భారతదేశంలో" అని మొదలుపెట్టించాను. మీది ముట్టుకోలేదు. ఇంకో నెలలో మీ ఒడ్డు కూడా కలుస్తుందని అందరూ అంటున్నారు. కలవగానే మీదాని మీదా అదే మాట చెక్కిస్తే జత కుదురుతుంది. ఒక నెల ముందుగా రాసుకుంటే తప్పేముంది? బావను నిదానంగా అడుగు. అన్నం తినేటప్పుడు మాత్రం వద్దు.

యల్లమంద

*

గుట్టపల్లి
10 అక్టోబరు 1947

తమ్ముడికి,

అన్నం తిన్న తర్వాతే అడిగాను. "నెల అన్నడు కదా, రెండు నెలలాయె. కలిసిందా?" అన్నారు. కలవలేదని నాకూ తెలుసు. "లేని దాన్ని రాతి మీద చెక్కితే అత్త పేరున అబద్ధం చెప్పినట్టు గాదా? రేపు కలిస్తే సరే, కలవకపోతే నా మెడకాయ మీద తలకాయ ఉంటదా?" అన్నారు. ఇక్కడ రోజులు బాగా లేవురా. అమీను ఒక్కడే వచ్చే రోజులు పోయాయి, వెంట తుపాకుల వాళ్లను తెచ్చుకుంటున్నాడు.

అయినా ఆయన కూడా ఆలోచిస్తున్నారు, అది నీకు చెప్పాలి. పొద్దుట వేపపుల్ల నోట్లో పెట్టుకునే, "రాజ్యాల పేర్లు ఎందుకు? దిక్కులు పెడితే ఎవనికి నొప్పి? ఉత్తరపు ఒడ్డున పుట్టి దక్షిణపు ఒడ్డున మెట్టిన బుల్లెమ్మ" అన్నారు. నాకు నిజంగా బాగుందనిపించింది. దిక్కులకు పార్టీ లేదు కదా. నీ తొట్టి మీద చెక్కింది చెరిపించి దీనికి ఒప్పుకో. ఇక నన్ను చంపకు.

హైమావతి

*

రేవుపాలెం
2 నవంబరు 1947

అక్కయ్యకు,

చెరిపించాను.

ఉత్తరం, దక్షిణం నాకూ నచ్చాయి. సుబ్బరత్నానికి చదివి వినిపించాను. ఒకటే అరుపు. "ఏందయ్యా, బుద్ధుందా? దచ్చినం యముడి దిక్కు గాదూ? ముత్తైదువుగా మెట్టిన మనిషిని యముడి దిక్కున మెట్టిందని రాయిస్తారా? ఆ తొట్టి నీళ్లు మా గొడ్లు తాగాలా?" అంది. బావకేం, ఆయనది కుబేరుడి దిక్కు. చూశావా, తేలిగ్గా పేరు చెప్పాడనుకుంటే అందులో కూడా మంచి భాగం తనే ఉంచుకున్నాడు.

అందుకని చదువుకున్నవాళ్లను అడిగాను. కాలవల ఇంజనీర్ల లెక్క ప్రకారం ఏరు పారే వైపు తిరిగి నిలబడితే మీది ఎడమ ఒడ్డు, మాది కుడి ఒడ్డు అట. "ఎడమ ఒడ్డున పుట్టి కుడి ఒడ్డున మెట్టిన." శాస్త్రం ప్రకారం ఉంది. మాట ఖాయం చెయ్యి.

ఈలోగా రాయి దాటించడం మంచిదని మీ తొట్టి అక్షరాలు లేకుండానే ఖలందర్ మామ పడవలో పంపుతున్నాను. ఎక్కించేటప్పుడు ఆయన, "అబ్బాయ్, ఇది గాని ముంచితే నా పడవకి కూడా మీ అమ్మ పేరే పెట్టి చెక్కించండి, ఏటి అడుగున చదువుకుంటా" అన్నాడు. జాగ్రత్తగా దించుకోండి.

యల్లమంద

*

గుట్టపల్లి
1 డిసెంబరు 1947

ఒరేయ్,

తొట్టి క్షేమంగా చేరింది. బావి పక్కన దింపి నీళ్లు పోశాం. చానా బాగుంది. అమ్మ చూసుంటే ఇంకో వంక పెట్టేది.

ఇక నీ శాస్త్రం. "ఎడమనా? మేము ఎడమ చేతోళ్లమా? వాళ్లు మాత్రం కుడి చేత అన్నం తినేటోళ్లా?" అని మొదలుపెట్టి, అంతటితో ఊరుకోకుండా రేవుకు వెళ్లారు. ఖలందర్ మామను పడవ ఏటి నడుమ ఆపించి, అందులో లేచి నిలబడి, ఎగువ వైపు తిరిగారట. ఎగువన శ్రీశైలం ఉంది. మల్లన్న వైపు మొహం పెట్టి నిలబడితే మా ఒడ్డే కుడి, మీ ఒడ్డు ఎడమ. "దేవునికి వీపు పెట్టి నిలబడి లెక్క చూసిండు మీ తమ్ముడు. వాని ఇంజనీర్లు కూడా అట్లనే ఉన్నరు" అని ఇంటికి వచ్చి చెప్పారు. పడవలో ఉన్న జనమంతా ఏ వైపు తిరగాలో తెలియక ఆయన వైపు చూస్తూ కూర్చున్నారట.

నాకు నవ్వు వచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. నడివయసు మగవాళ్లు ఇద్దరు. ఒకడు ఏరు చూపించి కొడతాడు, ఒకడు దేవుడిని చూపించి కొడతాడు.

ఇక చాలు. మాఘ బహుళ ఏకాదశికి అమ్మ సంవత్సరీకానికి అందరం వస్తాం. ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోండి. అప్పటిదాకా ఎవ్వరూ ఏమీ చెక్కించొద్దు. ఇది అమ్మ మీద ఒట్టు.

హైమావతి

*

రేవుపాలెం
8 మార్చి 1948

అక్కయ్యకు,

ఉభయకుశలోపరి అని రాయబోయి కొట్టేశాను. కుశలం ఎక్కడుంది?

ఏకాదశి నాడు తెల్లవారినప్పటి నుంచి చూశాను. పంతులుగారిని రెండుసార్లు ఆపాను. బావకు విస్తరి వేసి ఉంచాను. చివరికి అది కాకులకు పోయింది. నేనే గట్టు చివరి బండ మీదికి వెళ్లి నిలబడ్డాను. మీ ఒడ్డున ఒక పడవా కదలలేదు. తెల్లపంచె మనిషి ఒకడు మాత్రం నీళ్ల దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాను. ఎవరో బాటసారి, మునిగి లేచి వెళ్లిపోయాడు.

నువ్వు రాలేకపోతే అర్థం చేసుకుంటాను, ఆడదానివి. సొంత మేనత్త సంవత్సరీకానికి ఆయన రాకపోవడానికి ఎడమా కుడీ అడ్డం వచ్చాయా? ఆయన్ని భుజం మీద ఎక్కించుకుని తిప్పిన మనిషి కదా మన అమ్మ! ఒక పేరు దగ్గర ఓడిపోతానని ఆమె పిండం దగ్గరికి కూడా రాలేదా?

ఇక నాకు జతా వద్దు, గితా వద్దు. మా తొట్టి మీద "పల్నాటి బుల్లెమ్మ" అని చెక్కమని ఏలియాకు కబురు పంపాను. మీదాని మీద మీకు ఏది ఇష్టమైతే అది చెక్కుకోండి. సర్కారే ఆలీ అని రాసుకోండి. నేను చదవడానికి రాను.

యల్లమంద

*

గుట్టపల్లి
25 మార్చి 1948

యల్లమందా,

ఆ బాటసారి మీ బావ.

ఏకాదశికి ముందే సర్కారు వాళ్లు పడవలన్నీ ఒడ్డుకు లాగి గొలుసులు వేశారు. మా ఒడ్డు నుంచి ఎవరూ దాటకూడదన్నారు. నీకు ఉత్తరం రాశాను, అది అందలేదన్నమాట. దారిలో ఎవరు చించారో తెలియదు. ఇది ఖలందర్ మామ వాళ్ల చుట్టం ఒకతను ఎక్కడో చుట్టు తిరిగి తెస్తున్నాడు.

ఆయన తలస్నానం చేసి, కొత్త పంచె కట్టుకుని, నెయ్యి గిన్నె, నువ్వులు మూట కట్టుకుని రేవుకు వెళ్లారు. గొలుసు తీయమని అడిగారు. పటేలు నోటితో అడగటమే తప్పయిపోయింది, అక్కడున్న వాళ్లు నవ్వారట. అయినా ఇంటికి రాలేదు. మీ గట్టు మీద పొగ కనిపించేదాకా నిలబడ్డారు. పొగ లేవగానే ఏట్లో మునిగి, నువ్వులు నీళ్లల్లో వదిలి వచ్చారు. ఇంటికి వచ్చి నాతో అన్న మాట ఒక్కటే. "మీ తమ్ముడు బండ మీద ఉండె. నన్ను చూసి చెయ్యి ఊపిండు."

ఎండకు అడ్డం పెట్టుకున్న చెయ్యి అని నీ ఉత్తరం వస్తే గాని నాకు తెలియలేదు. నీ ఆ ఉత్తరం మాత్రం ఆయనకు చదివి వినిపించలేదు. చెయ్యి ఊపాడనే అనుకోనీ. నువ్వు కూడా అలాగే ఉండు.

హైమావతి

*

రేవుపాలెం
14 ఏప్రిల్ 1948

అక్కా,

చెయ్యి ఊపాననే చెప్పు. సాయంత్రం మళ్లీ ఆ బండ మీదికి వెళ్లి నిజంగానే ఊపాను. అక్కడ ఎవరూ లేరు.

నా మీద నాకు కలిగిన అసహ్యం రాయలేను. ఇంకో సంగతి కూడా చెప్పాలి. నీ ఉత్తరం అందేలోపే ఏలియా వచ్చాడు. "అయ్యా, ఇప్పటికి రెండుసార్లు గీకాం. ఇంక ఉలి పెడితే ఆగదు" అన్నాడు. కోపంలో ఉన్నాను. పెట్టమన్నాను. 'పల్నాటి'లో మొదటి అక్షరం కూడా పూర్తి కాలేదు, గోడకు తూటు పడింది. బొటనవేలు దూరేంత. ఇప్పుడు ఎన్ని నీళ్లు పోసినా సగం దాకే నిలుస్తాయి, మిగిలింది ఆ తూటులోంచి కారిపోతుంది.

ఆ సంగతి అటుంచు. మీ ఒడ్డు నుంచి జనం పిల్లా మేకాతో మాచర్లకు చేరుతున్నారు. సత్రాలు, బడులు నిండిపోయాయి. వాళ్లు చెప్పేవి వింటే అన్నం సహించడం లేదు. మీరూ రండి. బావను ఎలాగైనా ఒప్పించు. ఈ ఒడ్డును ఆయన ఏ పేరుతో పిలిచినా పలుకుతాను. బ్రిటిషు ఇలాకా అన్నా సరే.

యల్లమంద

*

గుట్టపల్లి
22 జులై 1948

తమ్ముడికి,

బతికే ఉన్నాం. అది ముందు రాయాలి కదా.

ఆయన పటేలుగిరి వదిలేశారు. అమీను అడిగిన సంఘపోళ్ల పేర్లు ఇవ్వలేక వదిలేశారు. "ఊళ్లోళ్లను పట్టిచ్చే పటేలుగిరి నాకొద్దు" అన్నారు. ఊరు వదిలి రమ్మంటే మాత్రం రారు. "బావి కాడ అత్త తొట్టి ఉంది. నీళ్లు ఎవరు పోస్తరు?" అంటారు. ఇప్పుడు రోజూ తనే చేదతో తోడి నింపుతున్నారు.

మొన్న తుపాకుల వాళ్లు వచ్చి గుర్రాలకు నీళ్లు తాగించారు. వాళ్లలో ఒకడు తొట్టిని తట్టి, "ఇది ఎవరిది? ఏ ఇలాకా రాయి? ఎక్కడి నుంచి వచ్చింది?" అని గద్దించాడు. ఆయన ఇంట్లో లేరు. ఏ పేరు చెప్పినా తప్పే అవుతుంది కదా. ఇన్నాళ్లూ మీరిద్దరూ కొట్టుకున్న పేర్లన్నీ ఒక్కసారి నోటి చివరికి వచ్చాయి. ఒక్కటీ చెప్పలేదు. "దీని జత ఆ ఒడ్డున ఉంది" అన్నాను. వాడు కాసేపు చూసి వెళ్లిపోయాడు. ఆ వారంలోనే సంఘం పిల్లలు వచ్చారు. వాళ్లూ తాగారు, వాళ్లూ అదే అడిగారు. నేనూ అదే చెప్పాను.

తర్వాత కూర్చుని ఆలోచించాను. అమ్మ ఎప్పుడైనా ఏ రాజ్యం పేరన్నా పలికిందా? మీ ఇంట్లో ఉంటే మమ్మల్ని 'ఆ ఒడ్డు వాళ్లు' అనేది. మా ఇంటికి వస్తే మిమ్మల్ని 'ఆ ఒడ్డు వాళ్లు' అనేది. నీతో చివరిసారి చెప్పినప్పుడు కూడా ఆ మాటే అంది. నువ్వే నాకు రాశావు, మొదటి ఉత్తరంలోనే. నువ్వు రాశావు, నేను చదివాను, ఆయన విన్నారు. ముగ్గురిలో ఒక్కరికీ చెవికెక్కలేదు.

కాబట్టి ఇప్పుడు నేను చెబుతున్నాను. ఇది అడగటం కాదు. రెండింటి మీదా ఇదే చెక్కాలి:

బుల్లెమ్మ తొట్టి. దీని జత ఆ ఒడ్డున ఉంది.

మీ బావకు చెప్పాను. మొదటిసారి ఏ వంకా పెట్టలేదు. నువ్వు పెట్టావంటే పడవ గొలుసులు తెంపుకుని వచ్చి తంతాను.

హైమావతి

*

రేవుపాలెం
12 అక్టోబరు 1948

అక్కయ్యకు, బావగారికి నమస్కారాలు.

పడవలు మళ్లీ తిరుగుతున్నాయని ఖలందర్ మామ అరుచుకుంటూ వచ్చి చెప్పాడు. యూనియన్ సైన్యం వచ్చిందనీ, నైజాం లొంగిపోయాడనీ పేపర్లో చదివిన రోజు కన్నా మామ అరుపు విన్న రోజే నాకు పండగ అనిపించింది.

నువ్వు చెప్పినట్టే చెక్కించాను. తూటు కింద గోడ మందంగానే ఉంది కాబట్టి అక్షరాలు అక్కడ దించాడు. ఏలియా చెక్కుతూ, "ఇది ముందే చెప్పుంటే గోడ మిగిలేది గదయ్యా" అన్నాడు. అనే హక్కు ఉంది, పడ్డాను.

మొన్న మాచర్లలో కొత్త ఆఫీసరు ఒకాయన, మీ ఒడ్డును ఇకనుంచి కాగితాల మీద ఏమని రాయాలో పైనుంచి ఇంకా ఉత్తర్వు రాలేదని చెప్పాడు. నాకు నవ్వాగలేదు. ఆయనకు కోపం వచ్చింది.

ఏలియాను మీ దగ్గరికి పంపుతున్నాను. మీ తొట్టి గోడ గట్టిగా ఉంది, ఒక్కసారే గీకాం. నాది చెడగొట్టుకున్నా మీదైనా నిండుగా ఉంది, అదే నాకు తృప్తి. అమ్మ ఒక్క తీరుగా ఉండాలంది. అది మాత్రం నా వల్ల పోయింది.

యల్లమంద

*

గుట్టపల్లి
5 నవంబరు 1948

ఒరేయ్ యల్లమందా,

మీ ఇద్దరినీ ఒకే తాడుతో కట్టి ఏట్లో వెయ్యాలి. ఎడమ వైపు వెయ్యాలా, కుడి వైపు వెయ్యాలా అని అక్కడ కూడా కొట్టుకుంటారు.

ఏలియా వచ్చాడు. అక్షరాలు ముత్యాల్లా చెక్కాడు. నేను తృప్తిగా చూసుకుని లోపల వంట చేస్తుంటే బయట మళ్లీ తొట్టి మాటలు వినపడ్డాయి. ఇంకేం మిగిలిందని వెళ్లి చూద్దును కదా, మీ బావ ఏలియా పక్కన గొంతుక్కూర్చుని అడుగుతున్నారు. "ఆ తొట్టికి తూటు ఏ ఎత్తున పడ్డది? ఎంత పెద్దది?" ఏలియా చెయ్యి పెట్టి చూపించాడు. "అయితే దీనికీ అక్కడనే కొట్టు" అన్నారు.

ఏలియా నా మొహం చూశాడు. నేను, మీకు మతి పోయిందా, బంగారం లాంటి తొట్టికి ఎవరైనా చేజేతులా బొక్క కొట్టించుకుంటారా అని అరిచాను. నీ ఉత్తరం నేనే చదివి వినిపించాను, ఆ పాపం కూడా నాదే. ఆయన లేచి నిలబడి, "అత్త ఏమన్నది? ఒక్క తీరుగ ఉండాలె అన్నది. వానికి సగం, మనకు నిండుగనా? నేను తాపలేను ఆ నీళ్లు" అన్నారు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఆ రోజు వాడు బండ మీదికెళ్లి చెయ్యి ఊపిండు" అన్నారు.

నేను ఏలియాకు కానిమ్మని చెప్పాను.

కొట్టేశాడు. ఇప్పుడు మాదీ సగమే నిండుతుంది. పెద్ద గొడ్లు మెడ ఇంకాస్త వంచి తాగుతున్నాయి. కారిన నీళ్లు కింద మడుగు కట్టి, మేకపిల్లలూ కోళ్లూ అక్కడ చేరుతున్నాయి. మీ దగ్గర కూడా అంతేనా? దారిన పోయేవాళ్లు ఆ రాత చదివి, దీని జత ఎక్కడుందా అని ఏటి వైపు తల తిప్పి చూస్తున్నారు. నేనైతే ఇందాక ఆ తూటు దగ్గర వేలు పెట్టి కాసేపు నిలబడ్డాను. నీళ్లు చల్లగా తగిలాయి. ఏడ్చాను కూడా, రాయడానికి సిగ్గేముంది.

ఈ మాఘానికి పడవ ఉంది. అందరం వస్తున్నాం. ఆయనకు విస్తరి వేసి ఉంచు, నీ పక్కనే వెయ్యి. కుడి పక్కనా ఎడమ పక్కనా అని మాత్రం ఎవ్వరూ ఎత్తకూడదు.

నీ అక్క
హైమావతి